వాన తప్పినా మొక్కు తప్పడు

*పంట పోయినా దేవుణ్ని వదలని రైతును కొందరు అమాయకుడంటారు, కొందరు మూఢుడంటారు. దగ్గరికి వెళ్లి వింటే మాత్రం అతని దగ్గర దేవుడికో లెక్క, మనిషికో లెక్క విడివిడిగా ఉన్నాయి.*

అక్టోబరు చివరి వారం. కదిరి చుట్టుపక్కల ఎర్ర నేలల్లో శెనక్కాయ చెట్లు పీకే రోజులు. పంట పండిన ఏడు చెట్టు పైకి లాగితే మట్టితోపాటు గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడతాయి. ఆ చేలో ఒక్కో చెట్టుకు రెండు కాయలు, మహా అయితే మూడు. నొక్కితే సగం తాలు. పశువుల మేతకు కట్టె మిగిలితే అదే చాలన్నట్టు ఇంటిల్లిపాదీ మాట్లాడకుండా పీకుతున్నారు. ఇంటి పెద్దకు అరవై దాటాయి. సొంతానికి రెండెకరాలు, గుత్తకు తీసుకున్నవి మరో రెండు. పీకిన చెట్లలో కాస్త నాణ్యంగా ఉన్నవాటిని పిడికెడు ఏరి గెనిమ మీద విడిగా పెట్టాడు.

పొద్దు వాలాక కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆ పిడికెడు చెట్లూ ఒక టెంకాయా పట్టుకుని ఊరి ఆంజనేయుడి గుడికి బయల్దేరాడు. మొదట పీకిన చెట్లు సామికి చూపించందే ఆ ఇంట్లో ఎవరూ కాయ నోట పెట్టరు. తాతల నాటి నుంచీ అంతే.

“ఈ యేడు ఇచ్చింది ఇంతే. ఇచ్చినకాడికి చూపించాల గదప్పా” అన్నాడు, అడక్కుండానే.

సామి మీద కోపం రాలేదా అంటే కాసేపు మాట్లాడలేదు. “సామేం జేస్తాడు? వాన ఆయన చేతిలో ఉంటే ఉండొచ్చు. నాకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చినోడు ఆయన గాదు గదా!”

తుపాను తీరం దాటిన మర్నాడూ, వానలు మొహం చాటేసిన ఆగస్టులోనూ మన ఫోన్లలోకి ఇలాంటి దృశ్యాలే వచ్చి పడుతుంటాయి. నీళ్లలో తేలుతున్న వరి పనల మధ్య చేతులు జోడించి నిలబడ్డ మనిషి, బీటలు వారిన చెరువు మధ్యలో వరుణ జపం, చర్చి ముందు మోకరిల్లిన ఆడవాళ్లు. వాటి కింద వాదన కూడా ఏటా ఒకటే. ఇంత జరిగాక ఇంకా దేవుడేంటని ఒకరు, ఆ నమ్మకమే రైతును బతికిస్తోందని మరొకరు. మొదటి మాటలో చులకన ఉంది. రెండో మాట వినసొంపుగా ఉంటుంది గానీ, నాకు అదీ తొందరపాటుగానే తోస్తుంది. రైతుకు దేవుడున్నాడులే అని మిగతావాళ్లు చేతులు దులుపుకోవడానికి అది దారి చూపిస్తుంది. రైతు నమ్మకం మాత్రం ఎవరి చేతులూ దులపడం లేదు. ఆ ముసలాయన గుడి మెట్ల మీదే సామిని ఒక పక్కన, వడ్డీ వ్యాపారిని ఒక పక్కన ఎలా నిలబెట్టాడో చూశాం కదా.

గింజ వేసిన నాడే మొదలు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 552 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి చేరేసరికి చిక్కిపోతుంది. రెండు రుతుపవనాలకీ చివరి ఊరు ఇది.

పడే ఆ కాస్త వాన కూడా పంటకు కావలసిన రోజున పడాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఒక మంచి పదును దొరికితే గొర్రు కడతారు. ఎకరాకు 60 నుంచి 70 కిలోల విత్తనం కావాలి. వేరుశెనగ సాగులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే, అదీ మొదటి రోజే మట్టిలోకి వెళ్లిపోతుంది. నెల తిరిగేసరికి పూత. ఆ తర్వాత పూల నుంచి ఊడలు బయల్దేరి నేలలోకి దిగుతాయి. సరిగ్గా అప్పుడు వాన మొహం చాటేస్తే ఎర్ర నేల గట్టిపడి ఊడ లోపలికి దిగలేదు. ఎలాగో దిగినా, కాయ ఊరే వేళకు తడి లేకపోతే లోపల గింజ కట్టదు. పైకి చేను పచ్చగానే ఉంటుంది. దారిన పోయేవాడు పంట బాగుందనే అనుకుంటాడు. తీరా పీకినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు.

అంటే విత్తే రోజున రైతు చేతిలో ఉన్నది ఒక్క వాన తాలూకు పదును మాత్రమే. ఇంకో నాలుగు వానలు, ఒక్కోటి తన తన వేళకు, రావలసి ఉంది. వాటికి హామీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. అయినా పుస్తెలు కుదువ పెట్టి తెచ్చిన విత్తనాన్ని మట్టిలో పోస్తాడు. రాని వానను నమ్మకుండా విత్తనం వేయడం ఎవరి వల్లా కాదు. మెట్ట రైతును నాస్తికుడిగా ఊహించడం నాకు కష్టమనిపించేది ఇక్కడే. అతనికి ఏ దేవుడూ లేకపోయినా సరే, నమ్మడం అనే పని మాత్రం ఏటా జూన్‌లో చేసి తీరాలి.

పాండవులున్న చోట వాన

రాయలసీమ పల్లెల్లో వానలు వెనకపడితే విరాటపర్వం చదివిస్తారు. గుడి దగ్గరో రచ్చబండ దగ్గరో దీపం పెట్టి, ఒకరు పద్యం చదువుతుంటే మరొకరు అర్థం చెబుతారు. రాత్రి పొద్దుపోయేదాకా ఊరంతా కూర్చుని వింటుంది. తిక్కన పద్యం ఒక్కటీ బడిలో చదవని వాళ్లకు కూడా కీచక వధ ఘట్టం, ఉత్తర గోగ్రహణం కంఠతా వచ్చినట్టే ఉంటాయి.

భారతంలో పద్దెనిమిది పర్వాలుంటే వానకు విరాటపర్వమే ఎందుకు? దానికి ఊళ్లో పెద్దలు చెప్పే కారణం ఆ కథలోనే ఉంది. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ దొరక్క కౌరవులు తికమకపడుతుంటే, భీష్ముడు ఒక గుర్తు చెబుతాడు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయి, పైరు పండుతుంది, ఆవులు నిండుగా పాలిస్తాయి, అలాంటి నేల ఎక్కడుందో వెతకండి అంటాడు. పాలించేవాడు ధర్మంగా ఉంటే వాన దానంతట అదే వస్తుందని దీని తాత్పర్యం. వాన రాకపోతే? వేలు ఎటు చూపించాలో వింటున్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

రామాయణంలో ఋష్యశృంగుడి కథా ఇలాంటిదే. అంగదేశంలో కరువు పడింది. కారణం రాజు రోమపాదుడు చేసిన తప్పు. ఋష్యశృంగుడు అడుగు పెట్టాకే వాన కురిసింది. బైబిల్లోనూ ఖురాన్‌లోనూ ఉన్న యోసేపు కథ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఏడేళ్ల పంటకాలంలో ధాన్యం కొట్లలో నిలవ చేసి, ఏడేళ్ల కరువులో పంచమంటుంది. కరువు రాకుండా ఆపడం అక్కడ ఎవరి వల్లా కాలేదు. ఆకలి చావులు రాకుండా చూడటం మాత్రం రాజ్యం పనిగా తీసుకుంది.

మన రైతులు తరతరాలుగా వింటున్న ఈ కథల్లో ఏ ఒక్కదానిలోనూ పంట పోయిన పాపం దున్నేవాడిది కాదు. ‘తలరాత’ అనే మాట రైతు నోట వినపడదా అంటే వినపడుతుంది. ఎక్కువగా వినపడేది అప్పులవాడి ముందు, అధికారి ముందు, నోటు పుస్తకం పట్టుకుని వచ్చిన మాలాంటి వాళ్ల ముందు. సాటి రైతులతో కూర్చున్నప్పుడు విత్తనం ఎక్కడ కొన్నావు, మందు ఎవరిచ్చారు, పరిహారం జాబితాలో పేరుందా అనే మాట్లాడుకుంటారు.

■ వానను పిలిచే తీరు

కప్పతల్లి: రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ముందూ బిందెడు నీళ్లు రోకలి మీద పోస్తారు, చాటలో గింజలు వేస్తారు. ఆ గింజలు వండుకుని అందరూ కలిసి తింటారు.

వాన నమాజు: ఊరి బయట మైదానంలో చేసే ప్రత్యేక ప్రార్థన. పైవస్త్రాన్ని తిరగవేసి కప్పుకుని, అలాగే ఈ కరువును తిప్పేయమని వేడుకుంటారు.

చర్చి ప్రార్థనలు: పల్లె సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటారు. పంట వచ్చాక తొలి ఫలాన్ని కోత పండుగ నాడు బలిపీఠం ముందు పెడతారు.

తీజ్: లంబాడీ తండాల్లో వానాకాలంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి, గోధుమ గింజలు చల్లి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. తొమ్మిదో రోజు ఆటపాటలతో నీటిలో నిమజ్జనం చేస్తారు.

పీర్ల గుండం, కోత పండుగ

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరుంది. మొహర్రం వచ్చిందంటే అక్కడి కుళ్లాయిస్వామి దగ్గరికి జనం లక్షల్లో వస్తారు. చక్కెర చదివింపులు చేయిస్తారు, గుండంలో నిప్పుల మీద నడుస్తారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులే, వాళ్లలోనూ సేద్యగాళ్లే ఎక్కువ. కుళ్లాయప్ప అనే పేరు ఆ ప్రాంతంలో రెండు మతాల ఇళ్లలోనూ ఉంటుంది. కడప పక్కన దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వేంకటేశ్వరుడి గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి, ఆయన అల్లుడి వరస. నేల ఎండినప్పుడు అందరిదీ ఒకేసారి ఎండుతుంది. మొక్కులు కలిసిపోవడంలో ఆశ్చర్యమేముంది?

కోస్తాలో దళిత క్రైస్తవ కౌలు రైతుల ఇళ్లకు వెళ్తే ఇంకో రకం గుండె నిబ్బరం కనిపిస్తుంది. బైబిలు పాత నిబంధనలో హబక్కూకు అనే చిన్న గ్రంథం ఉంది. చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, కొట్టంలో పశువు లేకపోయినా నేను దేవునియందు ఆనందిస్తాననే అర్థంతో దాని చివర ఒక ప్రార్థన వస్తుంది. చదువు రాని ముసలమ్మలు కూడా దాన్ని ఒప్పజెప్పగలరు. దాన్ని లొంగుబాటు అనుకుంటే పొరపాటు. ఆ గ్రంథం మొదలవడమే దేవుడితో తగాదాతో మొదలవుతుంది. ఎంతకాలం మొర పెట్టాలి, అన్యాయాన్ని ఎందుకు చూస్తూ ఊరుకున్నావు అని ప్రవక్త నిలదీస్తాడు. ఆ నిలదీత అంతా అయ్యాకే ఈ ప్రార్థన.

ఒంగోలు ప్రాంతానికి దీనితో పాత చుట్టరికం ఉంది. 1876-78 నాటి మహా కరువులో అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని పేదలకు కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆ మనిషి క్రమం గమనించదగ్గది. ముందు కూలి, తర్వాతే దేవుడి మాట.

■ కరువులకూ పేర్లున్నాయి

నందన కరువు (1832-33): గుంటూరు సీమను ఖాళీ చేసిన కరువు. తెలుగు సంవత్సరం పేరే దానికి నిలిచిపోయింది. ఎముకలు తేలిన మనుషుల్ని చూసి డొక్కల కరువనీ అన్నారు.

1866 కరువు: రేనాటి సీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అన్నం పెట్టించాడు. ఆయన మీద జనం పాటలు కట్టుకున్నారు.

ధాత కరువు (1876-78): మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. సహాయ పనులకు వచ్చిన కూలీల దినభత్యాన్ని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, కుదించాడు. దానిపైన కాస్త చిల్లర. అదే రోజుల్లో ధాన్యం ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది.

తెగులు ఏ దేవుడి కోపం?

2000 సంవత్సరం ఖరీఫ్. అనంతపురం జిల్లాలో వేరుశెనగ చెట్లు ఉన్నట్టుండి కొనల నుంచి నల్లబడి ఎండిపోవడం మొదలైంది. చూస్తుండగానే చేలకు చేలు మాడిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. అమ్మవారికి ఆగ్రహం వచ్చిందేమోనని భయపడ్డవాళ్లకు శాస్త్రవేత్తలు తర్వాత చెప్పిన సంగతి వేరు. అది కాండం కుళ్లు వైరస్. గట్ల మీద, బీళ్లలో విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ కలుపు మొక్క దానికి పుట్టిల్లు. ఆ మొక్క పుప్పొడి, దాన్ని మోసే తామర పురుగులు కలిసి వైరస్‌ను పంట మీదికి చేర్చాయి.

తెలిశాక రైతులు ఏం చేశారు? గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకడం నేర్చుకున్నారు, చేను చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు అడ్డంగా వేయడం నేర్చుకున్నారు. జాతర మాత్రం మానలేదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని వాళ్లెప్పుడూ అనుకోలేదు. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి గుడీ ఉంది, వ్యవసాయ పరిశోధన స్థానమూ ఉంది. అక్కడ పుట్టిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశెనగ రకాలు లక్షల ఎకరాల్లోకి వెళ్లాయి. ఫాల్గుణంలో రథం మీదికి దవనం, మిరియాలు చల్లడానికి వచ్చిన రైతే విత్తనాల వేళకు కొత్త రకం కోసం పరిశోధన స్థానం గేటు దగ్గర నిలబడతాడు.

2021-22లో మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు కథ ఇంకా బాధాకరం. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన పురుగు అది. ఆరేళ్లకు గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప పూతలోకి దిగి, కాయ పట్టకుండా చేసింది. మిరపకు ఎకరాకు లక్షల్లో పెట్టుబడి, కౌలు అదనం. దుకాణంలో ఏ మందు ఇస్తే అది తెచ్చి కొట్టారు. కొట్టినకొద్దీ పురుగు పెరిగింది, బాకీ పెరిగింది.

నకిలీ విత్తనాలు అమ్మినవాణ్ని రైతు తలరాతగా తీసుకోడు. మొలక రాని చేలోంచి మట్టి తీసి దుకాణం ముందు పోసి కూర్చుంటాడు. పురుగుమందు పనిచేయకపోతే ఖాళీ సీసాలు కలెక్టరాఫీసుకు పట్టుకెళ్తాడు. దేవుడి వాటా వాన వరకే. ఆ గీత అతనికి చాలా స్పష్టంగా తెలుసు.

నీళ్లిచ్చినవాళ్ల పటాలు

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని పెద్ద ఊరు అరుదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కరువు సీమను అన్నపు గిన్నెగా మార్చింది. మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు దండలు వేస్తారు, కొన్నిచోట్ల పాలాభిషేకాలు కూడా చేస్తారు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడి పటం పేద ఇళ్లలో దేవుళ్ల పటాల వరసలోనే కనిపిస్తుంది. ఆయన 1969లో అక్కడికొచ్చి, 2009లో చనిపోయేదాకా ఆ కరువు నేలను వదల్లేదు. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల్లో వందల పల్లెలకు తాగునీటి పైపులు వేయించింది. బాబాను నమ్మనివాళ్లు కూడా ఆ నీళ్లు తాగుతూ దండం పెట్టారు.

దేవుడి పని కొంత చేసిపెట్టిన మనిషిని రైతు దేవుడి పక్కన కూర్చోబెట్టాడు. అతని పూజగది ఎంత విశాలమో, దానిలో చోటు దొరకని పాలకులు ఎందరో ఆలోచించండి.

నమ్మకం చాలని రాత్రి

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. విశ్వాసం ఉన్న రైతు ప్రాణం తీసుకోడు అని తేలిగ్గా అనేస్తుంటారు. 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 917. వీళ్లంతా దేవుణ్ని నమ్మనివాళ్లా? ఎవరింట్లో చూసినా గోడ మీద పటాలున్నాయి, మొక్కుకుని కట్టిన ముడుపులున్నాయి. వాళ్లకు కరువైంది భక్తి కాదు, మర్నాడు పొద్దున గడప ముందు నిలబడే అప్పులవాడికి చెప్పడానికి ఒక మాట. చనిపోయినవాడి నమ్మకాన్ని తూకం వేసే హక్కు మనకెవరికీ లేదు.

మిగిలిపోయిన భార్య గురించి కూడా మాట్లాడాలి. సేద్యంలో సగం పైన పని ఆమెదే. అతను పోయాక అప్పు ఆమెదవుతుంది, పొలం మాత్రం తొందరగా ఆమె పేరు మీదికి రాదు. తొలి విత్తు ముత్తైదువ చేత్తో పెట్టించే ఊళ్లలో, సొంత చేలో గింజ చల్లడానికి కూడా ఆమె వెనక నిలబడాలి. పంట పోయినా పట్టుకున్న దేవుణ్ని ఆమె వదలదు, దేవుడి పేరు చెప్పి ఊరు ఆమెను పక్కకు నెడుతుంది. ఆ ఆచారాన్ని సమర్థించే మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. ఆమె చేత్తోనే తొలి విత్తు పెట్టించాలి.

ప్రభుత్వం ఇచ్చే పరిహారానికి 2004లో 421 నంబరు జీవో దారి వేసింది. అప్పట్లో లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అది ఏడు లక్షలైంది. కానీ అది వ్యవసాయ అప్పు వల్ల జరిగిన చావేనని అధికారుల కమిటీ ఒప్పుకోవాలి. చనిపోయింది కౌలు రైతైతే, అప్పు వడ్డీ వ్యాపారి దగ్గరిదైతే, చూపించడానికి కాగితం ఏముంటుంది?

■ ఫోన్‌లో దాచుకోవలసిన నంబర్లు

14416: మనసు కుంగినప్పుడు మాట్లాడటానికి టెలి-మానస్. రోజంతా, తెలుగులోనూ పలుకుతారు.

1800-180-1551: కిసాన్ కాల్ సెంటర్. తెగుళ్లు, విత్తనాలు, పథకాల మీద సలహాలు.

14447: కేంద్ర పంటల బీమా ఫిర్యాదులు. వడగళ్లు, ముంపు లాంటివాటితో ఒక్క మీ చేనుకే నష్టం జరిగితే 72 గంటల్లోగా తెలపాలి. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కూడా 14 రోజుల వరకు రక్షణ ఉంది.

మొక్కు కూడా అప్పే

భక్తిని అడ్డం పెట్టుకుని బతికేవాళ్ల సంగతి దాటవేయలేం. బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని, పంగల కర్ర పట్టుకుని పొలమంతా తిరిగి, ఇక్కడ తవ్వు అని చూపించేవాళ్లున్నారు. వందల అడుగులు దిగాక దుమ్ము తప్ప ఏమీ రాకపోతే నీ జాతకంలో గంగ లేదని వెళ్లిపోతారు. లక్షకు పైగా అయిన ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. పక్కింటివాడు మళ్లీ అదే మనిషిని పిలుస్తాడు. భూగర్భ జలశాఖ వాళ్ల సర్వే సకాలంలో అందితే సగం మంది ఆ టెంకాయ జోలికి పోరని నా నమ్మకం.

మొక్కులదీ ఇదే కథ. పంట పండితే పొట్టేలు కోస్తానని మొక్కినవాడు, పండకపోయినా పరువు కోసం అప్పు చేసి కోస్తాడు. జాతరలో బంధువులకు భోజనం పెట్టకపోతే మాట పడాలి. అలాగని జాతరలు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పంట పోయిన ఇంటివాడు పది మంది మధ్యకి తలెత్తుకుని రాగలిగే చోటు ఏడాదిలో అదొక్కటే. కొన్ని పల్లెల్లో పెద్దలే కూర్చుని, కరువు ఏడు ఊరంతటికీ కలిపి ఒకే పొట్టేలు, ఒకే వంట అని కట్టుబాటు చేసుకున్నారు. సామి ఏమీ అనుకోలేదు. ప్రతి ఊరూ చేయగలిగిన పని అది.

పుస్తకంలో లేని రైతు

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో వరి కోతకొచ్చి ఉంది. కోసిన పనలు నీళ్లలో నానాయి, కోయనివి ఒరిగి బురదలో కూరుకుపోయాయి. కంకి మీదే గింజ మొలకెత్తింది. నష్టాన్ని లెక్కించడానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న పాస్‌పుస్తకం ఎవరి పేరు మీదుంది అని. డెల్టాలో చేలో బురద తొక్కేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్న కౌలు తుపానుతో మాఫీ కాదు. పరిహారం మాత్రం పుస్తకం ఉన్నవాళ్ల ఖాతాకు చేరుతుంది.

2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండో చట్టం ప్రకారం 11 నెలలకు కార్డు ఇవ్వాలన్నా భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని యజమానికి భయం. ఒత్తిడి చేస్తే వచ్చే ఏడు కౌలే ఇవ్వడేమోనని కౌలుదారుకు భయం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే వెళ్లింది. కేంద్ర పంటల బీమాలో ఖరీఫ్ ఆహార ధాన్యాలకు, నూనెగింజలకు రైతు కట్టాల్సింది నూటికి రెండు రూపాయలే. కానీ 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పథకం నుంచి బయటికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి చేరింది. ఈ రాకపోకల మధ్య ఏ ఏడు ఏ బీమా ఉందో పొలంలో ఉన్నవాడికి తెలియలేదు.

విరాటపర్వం చదివించి, చర్చిలో మోకరిల్లి, గూగూడులో చక్కెర పంచి రైతు తన వంతు తాను చేస్తూనే ఉన్నాడు. అవతలి వంతుకు ఒక గడువు ఉంది. ఆరుద్ర కార్తె ఏటా జూన్ 21, 22 తేదీల్లో వస్తుందని పంచాంగం తెరవకుండానే పల్లెలో ఎవరైనా చెబుతారు. బీమా సొమ్ము గానీ, తుపాను పరిహారం గానీ, కౌలు కార్డు చూపించి తీసుకునే బ్యాంకు అప్పు గానీ ఆలోపు చేతికి రావాలి. ఆ తేదీ దాటాక వచ్చిన రూపాయి విత్తనానికి అందదు, వడ్డీకి పోతుంది.